ఎముక విరిగితే స్టీలా? టైటేనియమా?

ఇంట్లో ఒకరికి కాలో చెయ్యో విరిగి ఆసుపత్రిలో చేరారనుకోండి. ఎక్స్‌రే తీస్తారు. "పిండికట్టుతో సరిపోదు, ఆపరేషన్ చేసి రాడ్డు వేయాలి" అంటారు. ఆ మాట వినేసరికే ఇంటిల్లిపాదికీ సగం ప్రాణం పోతుంది. ఇంకా తేరుకోకముందే రెండో ప్రశ్న వచ్చిపడుతుంది. "స్టీలు వేయమంటారా? టైటేనియం వేయమంటారా?"

స్టీలైతే ఇంత. టైటేనియమైతే దానికంటే బాగా ఎక్కువ. వరండాలో చుట్టాలంతా చేరి తలా ఒక మాటా అంటారు. "స్టీలు లోపల తుప్పు పడుతుందిట" అని ఒకరు. "టైటేనియమైతే జన్మలో విరగదుట" అని మరొకరు. "ప్రాణం కంటే డబ్బెక్కువా బావా?" అని బావమరిది. ఆ చివరి మాటతో ఇంటి పెద్ద నోరు మూతపడుతుంది. తక్కువ ధరది ఒప్పుకుంటే రోగి మీద ప్రేమ లేనట్టే అవుతుందని భయం. సాయంత్రానికి ఇల్లాలి చేతి గాజులు తాకట్టుకు వెళతాయి.

పాతికేళ్లకు పైగా ప్రభుత్వాసుపత్రుల్లో ఈ ప్రశ్న వింటూనే ఉన్నాను. అందుకని ఈ వారం ఈ రెండు లోహాల గుణాలేమిటో, ఏది ఎవరికి అవసరమో విడమరిచి చెబుతాను. ఇందులో ఇంజనీర్లకు తప్ప అర్థంకాని సంగతేమీ లేదు.

ఇది వంటింటి స్టీలు కాదు

మామూలు ఇనుము తడి తగిలితే తుప్పు పడుతుంది. 1890ల్లో ఇంగ్లండులో ఆర్బత్‌నాట్ లేన్ అనే సర్జను విరిగిన ఎముకలకు స్టీలు పలకలు బిగించడం మొదలుపెట్టాడు. అప్పటికి స్టెయిన్‌లెస్ స్టీలు లేదు. ఆ పలకలు ఒంట్లో తుప్పు పట్టేవి. "స్టీలు తుప్పు పడుతుంది" అన్న మాటకు ఆధారం ఆ కాలంలో నిజంగానే ఉండేది.

1913లో షెఫీల్డులో హారీ బ్రేర్లీ ఇనుములో క్రోమియం కలిపి, మరక పట్టని స్టీలు తయారుచేశాడు. క్రోమియం గాలిలోని ప్రాణవాయువుతో కలిసి లోహం పైన కంటికి కనబడని పొర కడుతుంది. ఆ పొరే దానికి కాపలా. మన వంటింటి గిన్నెల్లో మంచిరకం స్టీలులో నూటికి 18 పాళ్లు క్రోమియం, 8 పాళ్లు నికెల్ ఉంటాయి.

అయితే ఆ స్టీలు కూడా ఒంట్లో వేయడానికి పనికిరాదు. ఎందుకంటారా? ఆవకాయను మన పెద్దవాళ్లు స్టీలు డబ్బాలో కాక జాడీలో ఎందుకు పెట్టారో ఆలోచించండి. ఉప్పూ పులుపూ కలిసి నెలల తరబడి ఆనుకుని ఉంటే స్టీలు మీద సన్నని గుంటలు పడతాయి. మన ఒంట్లోని ద్రవాలు కూడా ఉప్పనివే. ఆసుపత్రిలో ఎక్కించే సెలైన్లో 100 మిల్లీలీటర్లకు 0.9 గ్రాముల ఉప్పు ఉంటుంది. నెత్తురుకు సరిపడేలా చేసిన పాళమే అది. అందువల్ల ఎముకలకు వాడే స్టీలులో నికెల్ పాలు పెంచి, మాలిబ్డినం అనే మరో లోహాన్ని నూటికి 2 నుంచి 3 పాళ్ల వరకు కలుపుతారు. కర్బనాన్ని నూటికి 0.03 పాళ్లకు మించకుండా తగ్గిస్తారు. దీనినే 316ఎల్ స్టీలు అంటారు. దీనికి ఉప్పు భయం చాలా తక్కువ. మర తల పలకలో కూర్చునే సందుల్లో మాత్రం ఏళ్ల మీద కొద్దిగా తినవచ్చు. నూటికి తొంభై మందికి అది బాధ పెట్టేంత సంగతి కాదు.

నల్ల ఇసుకలోని లోహం

టైటేనియం చంద్రమండలం నుంచి దిగివచ్చిన లోహమేమీ కాదు. మన భీమునిపట్నం సముద్రపుటొడ్డున నల్ల ఇసుక చూసే ఉంటారు. అందులో ఇల్మెనైట్ అనే ఖనిజం ఉంటుంది. ఇల్మెనైట్ అంటే ఇనుమూ టైటేనియమూ ప్రాణవాయువూ కలిసిన ఖనిజం. ఈ లోహాన్ని 1791లో ఇంగ్లండులో విలియం గ్రెగర్ కనుక్కున్నాడు.

ఇసుక చవకే కాని, దానిలోంచి లోహాన్ని విడదీయడం మహా కష్టం. ప్రాణవాయువును అది ఒక పట్టాన వదలదు. క్లోరిన్‌తో, ఆ తరువాత మెగ్నీషియంతో చాలా వేడి మీద చర్య జరిపించి, గాలి తగలకుండా కరిగించాలి. పైగా దానిని కోసి, చెక్కి, మర తిప్పడానికి పనిముట్లు త్వరగా అరిగిపోతాయి. ధర పెరిగేది ఇక్కడే. ఈ ముక్క గుర్తుంచుకోండి. టైటేనియం ఖరీదు దాన్ని తీయడానికీ చెక్కడానికీ అయ్యే ఖర్చును బట్టి ఏర్పడింది. మీ ఎముకకు అది చేసే మేలును కొలిచి ఎవరూ ఆ ధర కట్టలేదు.

హైదరాబాదులో 1973లో నెలకొల్పిన మిశ్ర ధాతు నిగం, అదే మనమంతా మిధాని అంటామే, విమానాలకూ రాకెట్లకూ కావలసిన టైటేనియం మిశ్రమాలను తయారుచేస్తుంది. ఎముకల వైద్యానికి ఎక్కువగా వాడే మిశ్రమంలో నూటికి 6 పాళ్లు అల్యూమినియం, 4 పాళ్లు వెనేడియం, మిగిలినది టైటేనియం ఉంటాయి. వెనేడియం బదులు నయోబియం కలిపిన రకమూ ఉంది. చిన్న పలకలకు శుద్ధ టైటేనియమే వాడుతూ ఉంటారు.

టైటేనియం మీద కూడా ప్రాణవాయువుతో ఒక పలుచని పొర ఏర్పడుతుంది. స్టీలు మీది పొరకంటే ఇది గట్టిది. గీత పడితే రెప్పపాటులో తిరిగి అల్లుకుంటుంది. ఒంటిలోని ఉప్పు దాన్ని ఏమీ చేయలేదు. ఇంకొక విశేషం కూడా ఉంది. 1952లో స్వీడన్‌లో బ్రోనెమార్క్ అనే శాస్త్రజ్ఞుడు కుందేళ్ల కాలి ఎముకల్లో నెత్తురు ప్రసరణను చూడడానికి టైటేనియం గొట్టాలు అమర్చాడు. ప్రయోగం అయ్యాక తీయబోతే అవి రాలేదు. ఎముక వాటిని కరచుకుని పెరిగింది. ఆ పరిశీలన నుంచే పళ్ల ఇంప్లాంట్లు పుట్టాయి. 1965లో మొదటిసారి ఒక మనిషి దవడలో వాటిని అమర్చాడు.

బరువు, బలం, బిరుసు

ఇప్పుడు ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూద్దాం. మామూలుగా మనం "గట్టిది" అనే ఒక్క మాటతో సరిపెడతాం. ఆ మాటలో మూడు వేర్వేరు గుణాలు కలగలిసిపోయాయి.

మొదటిది బరువు. స్టీలు ఘన సెంటీమీటరుకు సుమారు 8 గ్రాములు తూగుతుంది. టైటేనియం మిశ్రమం సుమారు 4.4 గ్రాములు. అంటే దాదాపు సగం. విమానానికి ఇది గొప్ప లాభమే. మరి మీ కాలికో? 70 గ్రాముల స్టీలు పలకను అదే కొలతలతో టైటేనియంతో చేస్తే 39 గ్రాములు ఉంటుంది. తేడా 31 గ్రాములు. మీ జేబులో తాళంచెవుల గుత్తి అంతకంటే బరువుంటుంది. "టైటేనియమైతే కాలు తేలిగ్గా ఉంటుంది" అన్నది వట్టి మాట.

రెండవది బలం. అంటే ఎంత లాగితే తెగుతుంది అన్నది. ఒంట్లో వాడేందుకు సాగగొట్టి గట్టిపరిచిన స్టీలు గాని, టైటేనియం మిశ్రమం గాని, చదరపు మిల్లీమీటరుకు 85 కిలోలు దాటి లాగితే తప్ప తెగవు. ఈ విషయంలో రెండూ దాదాపు సమఉజ్జీలే.

మూడవది బిరుసు. అంటే వంచబోతే వంగనని మొండికేసే గుణం. బిరుసు వేరు, బలం వేరు. సుద్దముక్క ఏమాత్రం వంగదు, కాని పుటుక్కున విరుగుతుంది. వెదురు బద్ద బాగా వంగుతుంది, కాని విరగదు. అసలు తేడా ఉన్నది ఇక్కడే. ఇంజనీర్లు బిరుసును గిగాపాస్కల్ అనే కొలతలో చెబుతారు. స్టీలుకు అది సుమారు 190 నుంచి 200. టైటేనియం మిశ్రమానికి సుమారు 110. మన ఎముక పైపొరకు 15 నుంచి 20. అంటే స్టీలు ఎముకకు పదింతలు బిరుసు, టైటేనియం ఆరేడింతలు. టైటేనియం ఎముకకు కొంత దగ్గరగా ఉన్నమాట నిజమే గాని, రెండూ ఎముక కంటే ఎంతో బిరుసైనవే.

సోమరి ఎముక

బిరుసు ఎక్కువైతే నష్టమేమిటి? ఎముక రాయి వంటిది కాదు, అది బతికి ఉన్న పదార్థం. పని పడితే గట్టిపడుతుంది, పని లేకపోతే పలచబడుతుంది. నెలల తరబడి అంతరిక్షంలో ఉండి వచ్చినవారి ఎముకలు పలచబడడానికి కారణం అదే. బాగా బిరుసైన పలకను ఎముకకు బిగిస్తే, ఒంటి బరువులో ఎక్కువ భాగం పలకే మోస్తుంది. దాని కింది ఎముక సోమరి అవుతుంది. తరువాత ఎప్పుడో పలకను తీసేస్తే అక్కడ ఎముక మళ్లీ విరిగే అవకాశం ఉంటుంది. టైటేనియం కొంచెం వంగుతుంది కనుక ఎముకకు కొంత పని మిగులుస్తుంది.

అయితే వంగడం ఎల్లప్పుడూ మంచిదేనా? కాదు. పిల్లలకు తొడ ఎముక విరిగితే సన్నని, వంగే రాడ్లు రెండు వేస్తారు. వాటికి టైటేనియమే గొప్పదని చాలాకాలం అనుకున్నారు. 2008లో అమెరికాలో వెలువడిన ఒక పరిశీలనలో టైటేనియం రాడ్లు వేసిన పిల్లలను, స్టీలు రాడ్లు వేసిన పిల్లలను పోల్చి చూశారు. ఎముక వంకరగా అతుక్కోవడం టైటేనియం వేసినవారిలోనే ఎక్కువగా కనబడింది. చవకైన స్టీలే అక్కడ నెగ్గింది. కొంచెం పెద్దపిల్లల బరువుకు ఆ సన్నని టైటేనియం రాడ్లు అవసరానికి మించి వంగి ఉంటాయి. కాబట్టి ఒక గుణం ఒకచోట మేలైతే మరొకచోట కీడు కావచ్చు.

వంచడం, తీయడం, అరగడం

ఎముకలన్నీ ఒకే వంపులో ఉండవు. ఆపరేషన్ బల్ల దగ్గర సర్జను పలకను ఆ మనిషి ఎముకకు తగ్గట్టు వంచుకోవలసి వస్తుంది. స్టీలు చెప్పినట్టు వింటుంది. టైటేనియం వంచి వదిలితే కొంత వెనక్కు వస్తుంది. అటూ ఇటూ పదేపదే వంచినా, లోతుగా గీత పడినా దానికి బలహీనత వస్తుంది. అందుకే ఆ ఎముక ఆకారానికి ముందే వంచి చేసిన పలకలు వచ్చాయి. వాటికి ధర మరికొంత ఎక్కువ.

ఇక తీయడం. ఎముక టైటేనియాన్ని కరచుకుంటుందని చెప్పాను కదా. పళ్ల ఇంప్లాంటుకు అది వరం. ఏడాది తరువాత తీసేయవలసిన పలకకు అదే తలనొప్పి. మరలు పలకలోనే బిగుసుకుపోయి, తిప్పబోతే తలలు అరిగిపోతాయి. స్టీలు మరలు సాధారణంగా సులువుగా వస్తాయి. ఎదిగే పిల్లలకు లోహాన్ని తరువాత తీసేయడం మామూలు కనుక ఈ సంగతి ముందే ఆలోచించాలి. పెద్దవారికి ఇబ్బంది లేకపోతే ఏ లోహాన్నైనా అలాగే ఉంచేయవచ్చు.

మూడో సంగతి అరుగుదల. ఒకదానిపై ఒకటి రాసుకునేచోట టైటేనియం పనికిరాదు. తొందరగా గీతలుపడి, నల్లని పొడి రాలుతుంది. అంచేత తుంటి మార్పిడిలో తొడ ఎముక లోపల దిగే కాడను టైటేనియంతో చేసినా, గిన్నెలో తిరిగే బంతిని కోబాల్టు-క్రోమియంతోనో, పింగాణీ వంటి పదార్థంతోనో చేస్తారు. మోకాలి మార్పిడిలో కూడా తొడ ఎముక చివర తొడిగే భాగం సాధారణంగా కోబాల్టు-క్రోమియమే. కాబట్టి కీళ్ల మార్పిడి విషయంలో "స్టీలా, టైటేనియమా" అన్న ప్రశ్నకే అర్థం లేదు. అక్కడ ఏ భాగం ఏ లోహం అని అడగాలి. మోకాలి ఇంప్లాంట్లకు 2017 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం గరిష్ఠ ధరలు నిర్ణయించింది. ఆ సంగతి తెలుసుకుని బిల్లు చూసుకోండి.

టైటేనియమే వేయించుకోవలసినవారు

ఇంతవరకు చదివి నేను స్టీలు పక్షమని అనుకోకండి. టైటేనియం మీద డబ్బు పెట్టడం న్యాయమైన సందర్భాలు ఉన్నాయి.

గిల్టు నగలు పెట్టుకుంటే చెవులు పుండ్లు పడేవారు, గడియారం గొలుసు తగిలితే దద్దురు లేచేవారు ఉంటారు. వీరిలో చాలామందికి నికెల్ పడదు. ఎముకల స్టీలులో నూటికి 13 నుంచి 15 పాళ్లు నికెల్ ఉంటుంది. చర్మానికి పడనంత మాత్రాన ఎముక దగ్గర కూడా ఇబ్బంది వస్తుందని లేదు, అలా రావడం అరుదు. అయినా డాక్టరుతో తప్పక చెప్పండి. అటువంటివారికి టైటేనియమే మేలు.

వెన్నెముకకు మరలు వేసేటప్పుడు చాలామంది సర్జన్లు టైటేనియమే కోరతారు. దానికి కారణం ఎమ్.ఆర్.ఐ. పరీక్ష. ఎముకల స్టీలు కూడా అయస్కాంతానికి అంటుకోదు. అయితే బొమ్మలో దాని చుట్టూ పెద్ద నల్లని మచ్చ పడుతుంది. పక్కనున్న నరాలు కనబడవు. టైటేనియం చుట్టూ ఆ మచ్చ చిన్నదిగా ఉంటుంది. వెన్ను, తల, దవడ వంటి చోట్ల ముందుముందు బొమ్మ తీయవలసిన అవసరం పడవచ్చు కనుక ఇది నిజమైన లాభం.

సిమెంటు లేకుండా బిగించే తుంటి కాడలకు, పళ్ల ఇంప్లాంట్లకు టైటేనియం తిరుగులేనిది. అక్కడ ఎముక కరచుకోవడమే మనకు కావాలి.

మరి ముంజేయి, మోకాలి కింది ఎముక, చీలమండ, తొడ ఎముక విరిగిన పెద్దవారికో? ఏ చిక్కూ లేని విరుగుళ్లకు మంచి స్టీలు నిక్షేపంగా సరిపోతుంది. ప్రపంచమంతటా లక్షలాది మంది స్టీలు పలకలతో, రాడ్లతో నడుస్తున్నారు. ముంజేతిలో స్టీలు పలక వేయించుకుని చాలా ఏళ్ల తరువాత వేరే జబ్బుకు నా దగ్గరికి వచ్చిన ముసలమ్మగారు, "ఇందులో ఇనుముందని నేనే మరిచిపోయాను నాయనా" అన్నారు. ఏ లోహానికైనా అంతకంటే మంచి మార్కులు ఏముంటాయి?

లోహం విరిగేది ఎందుకు?

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఎముకను అతికించేది లోహం కాదు. ఎముక తనంతట తానే అతుక్కుంటుంది. అది అతుక్కునేదాకా ముక్కలు కదలకుండా పట్టుకోవడమే లోహం పని. కొత్త స్లాబుకు కింద పెట్టే సెంట్రింగు కర్రల వంటిది అది. సిమెంటు పట్టాక కర్రతో పని లేదు. సిమెంటే పట్టకపోతే ఎంత మంచి కర్రలైనా ఎన్నాళ్లు మోస్తాయి?

ఇనుప తీగను ఒకసారి వంచితే విరగదు. అటూ ఇటూ పదేపదే వంచండి, విరుగుతుంది. ఒంట్లో లోహానికీ అదే గతి. రోగి రోజుకు 2,000 అడుగులే వేశాడనుకోండి, విరిగిన కాలి మీద 1,000 పడతాయి. మూడు నెలల్లో 90,000 సార్లు ఆ రాడ్డు కాస్త కాస్త వంగి లేచిందన్నమాట. ఈలోగా ఎముక అతుక్కుంటే బరువు అది పంచుకుంటుంది, రాడ్డు బతుకుతుంది. అతుక్కోకపోతే ఏనాటికో ఒకనాటికి రాడ్డు విరుగుతుంది. స్టీలైనా అంతే, టైటేనియమైనా అంతే. ఇది ఎముకకూ లోహానికీ మధ్య పందెం. ఎముక ముందు గెలవాలి.

కొన్నేళ్ల కిందట ఒక ఆటో డ్రైవరును అతని భార్య మా ఆసుపత్రికి తీసుకువచ్చింది. తొడ ఎముక విరిగితే వేరేచోట టైటేనియం రాడ్డు వేయించుకున్నాడు. అందుకోసం ఇంట్లో ఉన్న కాస్త బంగారమూ తాకట్టు పెట్టారు. అప్పు తీర్చాలి కదా అని ఆరో వారానికే ఊతకర్రలు పక్కన పడేసి ఆటో ఎక్కాడు. రోజుకు రెండు కట్టల బీడీలు మానలేదు. చక్కెర జబ్బు ఉన్నా మందు సరిగా వేసుకోలేదు. అయిదో నెలలో రాడ్డు మర దగ్గర పుటుక్కుమంది. "టైటేనియం విరగదన్నారు కదయ్యా" అని ఆవిడ ఏడ్చింది. ఆ లోహంలో లోపమేమీ లేదు. ఆ బంగారం ఇంట్లోనే ఉండి ఉంటే ఆ మనిషి మూడు నెలలు నిశ్చింతగా ఇంట్లో కూర్చునేవాడు. అతనికి కావలసిన మందు అదీ. రెండో ఆపరేషన్ చేసి, తుంటి దగ్గరి నుంచి ఎముక తీసి పెట్టి, బీడీలు మాన్పించి, చక్కెర అదుపులో పెట్టాక ఎముక అతుక్కుంది.

అందుచేత డబ్బు పరిమితంగా ఉన్న ఇంట్లో దాన్ని ఎక్కడ పెట్టాలో ఆలోచించండి. పాలు, గుడ్లు, పప్పు, మాంసం తినేవారైతే మాంసం. చక్కెర జబ్బుకు మందులు. వేళకు ఎక్స్‌రేలు. రానూపోనూ ఖర్చులు. కండరాలు బిగుసుకోకుండా వ్యాయామం నేర్పే ఫిజియోథెరపిస్టు. రెండు మూడు నెలల ఇంటిగడవు. పొగ మానడానికి పైసా ఖర్చు లేదు, పైగా మిగులు. లోహం తేడా కంటే ఇవి ఎముకకు ఎన్నో రెట్లు మేలు చేస్తాయి.

ఆపరేషన్‌కు ముందు అడగవలసినవి

డాక్టరుగారిని అడగడానికి మొహమాటపడకండి. మర్యాదగా ఈ ప్రశ్నలు వేయండి.

"ఈ విరుగుడుకు టైటేనియం వల్ల ప్రత్యేకంగా ఏం లాభమండీ?" అని అడగండి. కారణం ఉంటే ఆయన చెబుతారు. "అది మంచిది" అన్నది ఒక్కటే జవాబైతే మరికొంచెం అడగండి.

"దీన్ని తరువాత తీయవలసి వస్తుందా?" అని అడగండి. ముఖ్యంగా పిల్లల విషయంలో.

ఏ లోహమైనా, లైసెన్సున్న కంపెనీదా కాదా అన్నది అంతకంటే ముఖ్యం. ఇంప్లాంటు పెట్టె మీద తయారీదారు పేరు, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు ఉండాలి. 2018 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న వైద్య పరికరాల నిబంధనలు కూడా ఇదే చెబుతున్నాయి. ఆ చీటీని కేసు షీటు మీద అంటించమనండి. డిశ్చార్జి కాగితంలో లోహం పేరు, కంపెనీ పేరు రాయించుకోండి. పేరూ ఊరూ లేని "టైటేనియం" కంటే చీటీ ఉన్న స్టీలు వెయ్యి రెట్లు నయం.

ఆ కాగితాన్ని ఇంటి పట్టాతో సమానంగా దాచుకోండి. మళ్లీ ఎప్పుడైనా అక్కడే ఆపరేషన్ చేయవలసి వస్తే, ముందున్నది ఏ లోహమో సర్జనుకు తెలియాలి. స్టీలు పలకకు టైటేనియం మరలు, టైటేనియం పలకకు స్టీలు మరలు కలపకపోవడం పాటించవలసిన పద్ధతి. రెండు వేర్వేరు లోహాలు ఉప్పునీటిలో ఆనుకుని ఉంటే బ్యాటరీలో మాదిరిగా చర్య మొదలై, బలహీనమైనది తినుకుపోతుంది.

ఆరోగ్య పథకం కార్డు ఉన్నవారు ఆసుపత్రిలో ఆ కౌంటరు దగ్గర, ఇంప్లాంటు ఖర్చు అందులో కలిసి ఉందో లేదో ముందే కనుక్కోండి. అప్పు తెచ్చాక కనుక్కుంటే ఏం లాభం?

తరచుగా వచ్చే సందేహాలు

ఒంట్లో లోహం ఉంటే చలికాలంలో నొప్పి వస్తుందా?
కొందరికి విరిగినచోట సలుపుగా ఉంటుంది. లోహం లేనివారికీ ఆ సలుపు ఉంటుంది. వాపు, ఎర్రదనం, జ్వరం, చీము కనబడితే మాత్రం వెంటనే చూపించుకోవాలి.

టైటేనియమైతే చీము పట్టదా?
జంతువుల మీద చేసిన కొన్ని ప్రయోగాల్లో స్టీలు దగ్గర కంటే టైటేనియం దగ్గర చీము తక్కువగా కనబడింది. అంతమాత్రాన టైటేనియమైతే చీము పట్టదనుకోవద్దు. పుండు శుభ్రంగా కడగడం, వేళకు మందు పడడం, శుభ్రమైన ఆపరేషన్ గది, చక్కెర అదుపు, ఇవే అసలు కాపలా.

విమానాశ్రయంలో యంత్రం కూస్తుందా?
రెండు లోహాలకూ కూయవచ్చు. డిశ్చార్జి కాగితం దగ్గర ఉంచుకుంటే సరి.

స్టీలు ఉన్నవారు ఎమ్.ఆర్.ఐ. తీయించుకోకూడదా?
సాధారణంగా తీయించుకోవచ్చు. కాని ఒంట్లో లోహం ఉన్నట్టు అక్కడి సిబ్బందికి ముందే చెప్పి, కాగితం చూపించాలి. నిర్ణయం వారిది.

ముందు స్టీలు వేశారు. ఇప్పుడు తీసి టైటేనియం వేయించుకోవాలా?
బాధ లేకుండా ఎముక అతుక్కుంటే దాని జోలికి వెళ్లవద్దు. అకారణంగా మరో ఆపరేషన్ ఎందుకు?

చివరిగా ఇంటి పెద్దలకు ఒక మాట. మీ సర్జను కారణం చెప్పి టైటేనియం కావాలంటే, మీకు తాహతుంటే, సంతోషంగా వేయించండి. కారణం లేనప్పుడు మంచి స్టీలు వేయించి, మిగిలిన డబ్బును రోగి తిండికీ విశ్రాంతికీ ఖర్చు పెట్టండి. అందులో తక్కువ ప్రేమ ఏమీ లేదు. మూడు నెలలపాటు వేళకు మందిచ్చి, చెయ్యి పట్టుకు నడిపించి, బీడీ కట్ట దాచేసే మనిషి పక్కన ఉంటే, లోపల ఏ లోహమున్నా ఎముక దాని పని అది చేసుకుంటుంది.